తెల్ల జెర్సీల వంతు

కోచ్ సార్ వాళ్ళమ్మ వాషింగ్ మెషీన్‌ను నమ్మదు. ఏటా చలికాలం సెర్బియా నుంచి గల్ఫ్‌ల ఈ అల్ వక్రాకు వస్తది. నేను పనిచేసే ఈ కొడుకింట్ల కొన్నాళ్ళు ఉండి, ఇక్కడ ఎండ ముదరకముందే వెళ్ళిపోతది. వాళ్ళ భాషల నాయినమ్మను బాబా అంటరట. సార్ బిడ్డ అట్లనే పిలుస్తది, ఆ పిల్లను చూసి నేను గూడ అట్లనే పిలుస్త. ఆమె భాష నాకు రాదు, నా భాష ఆమెకు రాదు. పిల్ల ఇంట్ల ఉంటే మా నడుమ ఇంగ్లీషుల ఇటు మాట అటు, అటు మాట ఇటు చేరేస్తది. పిల్ల బడికి పోతే ఇగ చేతులే మా భాష.

మొన్న శుక్రవారం దుప్పట్లు ఆరేద్దామని మిద్దె మీదికి పోయిన. నల్లా కాడ పీట ఏసుకొని బాబా కూసున్నది. ముందర బకెట్టు. బకెట్ల పాత ఆకుపచ్చ జెర్సీ ఒకటి. చన్నీళ్ళల్ల వెనిగర్ కలిపినట్టున్నది, పుల్లటి వాసన గుప్పుమన్నది. జెర్సీని లోపలిది బయటికి తిప్పింది. మెలిపెట్టి పిండలేదు. రెండు అరచేతుల నడుమ పెట్టుకొని, పసిపిల్ల తల తుడిచినట్టు ఒత్తి ఒత్తి నీళ్ళు తీసింది. తీసినంక ఎండల ఎయ్యలేదు, ట్యాంకు నీడకు తీసుకపోయి ఆరేసింది.

దుప్పట్లు చేతుల పట్టుకొని నేను అట్లనే నిలబడ్డ. అచ్చం నన్ను కన్న మా అవ్వ చెయ్యే. ఒత్తుడు అదే, తిప్పుడు అదే. ఎక్కడి సెర్బియా, ఎక్కడి మా బొగ్గుబాయి కాలనీ!

పిల్లను పిలిచి అడిగిచ్చిన. అది తాత ఆడిన జట్టుదట. వాళ్ళ ఊర్ల ఇటుకల ఫ్యాక్టరీ ఉండేదట. అండ్ల పనిచేసేటోళ్ళంత కలిసి ఒక ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకున్నరు. పేరున్న క్లబ్ ఏం గాదు, అన్నిటికన్న కింది లీగు. బురద ఊర్లకు బస్సుల పోయి ఆడి వచ్చేటోళ్ళు. ఫ్యాక్టరీ మూతబడ్డది, పనోళ్ళు తలా ఒక దిక్కు పోయిండ్రు. ఒక ఏడు జట్టు నిండనే లేదు. మరుసటేడు లీగుల పేరే లేదు. ఇప్పుడు ఆ గ్రౌండ్ల మక్కజొన్న ఏస్తున్నరట. జట్టు బట్టలు ఉతికిన ఆడోళ్ళల్ల బాబా ఒకతి. ఈ ఒక్క జెర్సీ మిగిలింది.

"మురికే లేదు గద, ఎందుకు ఉతుకుతున్నవో అడుగు" అన్న.

పిల్ల అడిగింది. బాబా నా దిక్కు చూసి, ఇదేం ప్రశ్న అన్నట్టు చెయ్యి ఆడిచ్చి చెప్పింది. "ఉతకకుంటే మడత కాడ చిరుగుతదట" అన్నది పిల్ల.

ఆ రోజు మాపటికే ఊరి నుంచి నా తమ్ముని భార్య ఫోన్ చేసింది. మా మరదలు మంచిదే, గని దాని నోటికి ఆగుడు తెల్వదు.

"వదినా, దుబాయ్ల అందరు మంచిగున్నరా?" అన్నది. ఎన్నేండ్లు చెప్పినా దానికి ఇది దుబాయే. "ఇంటికి సున్నాలు ఏపిస్తున్నం. సామానంత బయటేసినం. అత్తమ్మ ట్రంకు పెట్టెల జెర్సీల మూట ఉన్నది గద, ఏం చేయమంటవ్? పురుగులు పడ్డట్టున్నయి. రేపు పొద్దుగాల చెత్తబండి వస్తది, అండ్ల ఏస్తా?"

"మీ ఆయన ఏమన్నడు?"

"అక్కనడుగు, నాకేం తెల్వదన్నడు. నువ్వే చెప్పు."

పొయ్యి మీద కూర మాడుతున్నది. సార్ వాళ్ళు తినే యాళ్ళ. "డ్యూటీల ఉన్న పిల్లా, మళ్ళ చేస్త. అప్పటిదాక ముట్టకు" అని పెట్టేసిన. ముట్టకు అని అన్న గని, ఉంచుమని చెప్పనీకి నా కాడ ఏం కారణమున్నది? అవ్వ పోయింది, బాపు పోయిండు. ఆ మూట ఎందుకున్నదో తెలిసినోళ్ళల్ల నేనొక్కదాన్నే మిగిలిన.

*

మా కాలనీల పొద్దు సైరన్‌తోని మొదలయ్యేది. మొదటి షిఫ్టు సైరన్ కూయంగనే మా బాపు సద్ది గిన్నె పట్టుకొని బాయికి పోయేటోడు. ఎల్లిపాయ కారం వాసన, గిన్నె మూత మీద నిన్నటి బొగ్గు వాసన, బాపు తలకు పెట్టుకున్న కొబ్బరినూనె వాసన, ఈ మూడు కలిస్తే నాకు తెల్లారినట్టు. బాపు బాయిల బొగ్గు నింపేటోడు. చేట లెక్క వెడల్పు అరచేతులు. ఆ చేతులు చూసే జట్టుల గోల్‌కీపర్‌గ నిలబెట్టిండ్రట.

మా క్లబ్‌కు పెద్ద ఆఫీసు, బోర్డు ఏం లేవు. క్యాంటీన్ వెనక రేకుల గది, అండ్ల రెండు బాళ్ళు, ఒక వల, పంపు. బాలు తోలుది. దానికి మేక కొవ్వు రుద్దేటోళ్ళు. ఆ గది తలుపు తెరిస్తే కొవ్వు వాసన, తోలు వాసన, చెమట వాసన ఒక్కసారే మీదికి వచ్చేది. మా పోరగాండ్లకు అది గుడి వాసన కన్న ఎక్కువ.

జెర్సీలు తెల్లయి. బొగ్గుల బతికేటోళ్ళకు తెల్ల జెర్సీలు! ఉతికేటప్పుడల్ల ఆడోళ్ళు ఆ రంగు ఎంచినోన్ని తిట్టుకుంటనే ఉతికేటోళ్ళు. ఎంచింది మా కెప్టెన్ కాకనే. ఒక రోజు మా అవ్వ మొఖం మీదనే అడిగింది.

"ఏం తమ్మీ, నల్లయి దొరకలేదా నీకు? నీ పెండ్లాం ఉతికితే తెలుస్తుండె."

కాక నవ్విండు. "వారమంత నల్లగనే ఉంటం గద వదినా. ఆదివారం ఒక్క పూటన్న తెల్లగ ఉండనియ్యిండ్రి."

అవ్వ ఆ మూటకు నీలిమందు ఇంక కొంచెం ఎక్కువ కలిపింది.

ఉతుకుడుకు ఒక పద్ధతుండేది. మా లైన్ల ఉన్న ఇండ్లకు వంతు. ఎవరి వంతు ఉంటే మూట ఆ ఇంటికి వస్తది. ఆ ఇల్లాలు ఉతికి, ఆరేసి, మడతపెట్టి, మూటగట్టి దర్వాజ పక్కన పెట్టాలె. ఆట రోజు కెప్టెన్ కాక తానే వచ్చి, గడప బయట నిలబడి, "వదినా, బట్టలు" అని అడిగి తీసుకపోవాలె. ఇంకోన్ని పంపొద్దు. గెలిస్తే వంతు ఆ ఇంట్లనే ఉంటది. ఓడితేనే పక్కింటికి పోతది. ఎందుకంటే గెలుపు ఆటగాళ్ళ కాళ్ళల్ల ఎంతుంటదో, ఉతికిన చేతిల అంతుంటదని మా కాలనీ నమ్మకం. ఆ చేతిని నడుమల మార్చొద్దు.

ఉతకంగనే అయిపోయేది గాదు. అసలు లొల్లి ఆరేసుడు కాడ. పొద్దు వాలిందంటే ప్రతి ఇంటి ముందర బొగ్గు పొయ్యి ముట్టిచ్చేది. పొగ లైనంత మంచు లెక్క కమ్మేది. తడి తెల్లబట్ట మీద ఆ పొగ పడితే ఇగ అంతే. అందుకని జెర్సీలు ఆరేసిన రోజు మా అవ్వ ఇంటింటికి తిరిగేది. "వదినా, ఇయ్యాల జర ఆగి ముట్టియ్యి. జెర్సీలు ఆరుతున్నయి." అందరు ఆగేటోళ్ళు. పిల్లలు ఆకలైతుందని ఏడ్చినా ఆగేటోళ్ళు. ఆ ఒక్క రోజు మా లైన్ల అన్నాలు చీకటి పడ్డంకనే. మేకలు రాకుంట, గాలికి మసి ఎగిరి పడకుంట తాడు కింద మా పిల్లలను కావలి పెట్టేటోళ్ళు. తడి జెర్సీల నీడల కూసొని గచ్చకాయలాడుకునేటోళ్ళం. తలకాయ మీద సబ్బు నీళ్ళు సుక్క సుక్క పడేవి.

ఆట రోజు మా పని వేరే. సగం ఆట కాంగనే ఆటగాళ్ళకు నిమ్మ బద్దలు ఇయ్యాలె, ఉప్పు అద్ది. పళ్ళెం మా చేతికే ఇచ్చేటోళ్ళు. మేము దారిల ఒక్కో బద్ద మీది ఉప్పు నాకి మళ్ళ పెట్టేటోళ్ళం. "ఏందిర, మన నిమ్మకాయలకు ఉప్పే అంటదు?" అని కెప్టెన్ కాక ప్రతిసారి పరేషాన్ అయ్యేటోడు. బాపుకు తెలుసు. నా దిక్కు చూసి కన్ను గీటి, ఉప్పులేని బద్దనే మొఖం పుల్లగ పెట్టుకొని చీకేటోడు.

*

ఆ ఏడు వానలు తగ్గుతుంటే మూట మా ఇంటికి వచ్చింది. అంతకుముందు మూలింటి అత్త కాడ ఉండె. లైన్ చివర ఇల్లు ఆమెది. పెద్ద గొంతు, పెద్ద బొట్టు. ఆమె కాడ ఉన్నప్పుడు జట్టు ఓడింది. లైనంత తిరిగి వంతు మళ్ళ తనదాక వచ్చేదెప్పుడని ఆమెకు బుగులు. మూట మా గడపల పడేసి, "తీస్కో వదినా, నీ చేతి వాసి చూద్దాం" అన్నది.

అవ్వ చేతి వాసి మంచిగనే ఉన్నది. జట్టు గెలిచింది. మళ్ళ గెలిచింది. ఆట మీద ఆట గెలుస్తనే ఉన్నది. బట్టల సోడాకు అవ్వ వేళ్ళు పగిలినయి. మాపటికి బాపు ఆ వేళ్ళకు ఆముదం రాసేటోడు.

"ఈసారి ఓడిపోండ్రి జర. నా చేతులకు సెలవు దొరుకుతది" అనేది అవ్వ.

"అట్లనే. రేపు ఒక గోల్ ఇడిచిపెడ్త" అనేటోడు బాపు.

"ఇడిచిపెట్టి ఇంటికెట్ల వస్తవో చూస్త!"

మా పక్కింటి ఆమె వంతు రావాలంటే మేం ఓడాలె, ఆమె తర్వాత ఇంకోలు ఓడాలె, అట్ల పోతే గని మూలింటి అత్తకు రాదు. అందుకని అత్త మా పక్కింటోళ్ళను ఒప్పిచ్చుకున్నది, మీ వంతు నాకియ్యిండ్రి అని. ఇగ మా వెనక వంతు ఆమెదే. నల్లా కాడ అవ్వను చూసి నవ్వేది. "నీ చేతులు మురిసిపోతున్నయి గని వదినా, ఒక్క ఓటమి చాలు."

గప్పుడే గ్రౌండ్ల ఎర్రజెండాలు పాతిండ్రు. బాయి కింది నుంచి గాదు, ఇగ పైనుంచే తవ్వుతరట. ఓపెన్‌కాస్ట్ అన్న మాట నేను మొదటిసారి గప్పుడే విన్న. గ్రౌండ్ పోతది, వెనక కాలనీ పోతది, మనుషులను వేరే బాయిలకు పంపుతరు. పెద్దోళ్ళు నల్లా కాడ, క్యాంటీన్ కాడ గుసగుస మాట్లాడుకునేటోళ్ళు. జట్టు అప్పటికే బాయిల నడుమ పెట్టే కప్ ఆఖరి ఆటకు వచ్చింది. ఆ ఆట మా గ్రౌండ్ల పెట్టాలె. అవతలి బాయోళ్ళు మంచోళ్ళే, "మా కాడ ఆడుదాం రాండ్రి" అన్నరు. కెప్టెన్ కాక ఒప్పుకోలేదు.

"మా గ్రౌండ్ల ఆఖరి ఆట. ఇంకోల గ్రౌండ్ల ఎట్ల ఆడుతం?" అన్నడు.

ఆఫీసుకు పోయి బతిమిలాడిండు. పొద్దుగాల ఆడి, బ్లాస్టింగ్ యాళ్ళకు ఖాళీ చేస్తే సరే అన్నరట.

ఆ ఆదివారం అవ్వ నన్ను లేపకముందే లేచిన. మూట దర్వాజ పక్కన ఉన్నది. కాక వచ్చిండు. గడప బయట నిలబడ్డడు. "వదినా, బట్టలు" అన్నడు. ఎప్పుడూ అవ్వ మూట చేతికిచ్చి లోపలికి పోయేది. ఆ రోజు గడప దాటి ఆయనతోని గేటు దాక పోయింది.

కాలనీకి కాలనీ గ్రౌండ్ చుట్టూ నిలబడ్డది. అవతలి జట్టు లారీ యాళ్ళకు రాలేదు. దారిల టైరు పోయిందట. అవతలోళ్ళు వచ్చేవరకే పొద్దు నెత్తి మీదికి వచ్చింది. ఆడోళ్ళు బొబ్బెర గుడాలు తెచ్చిండ్రు, ఆట మొదలు గాకముందే పిల్లలం సగం తినేసినం.

ఆట మొదలైంది. అవతలోళ్ళు ఒక గోల్ కొట్టిండ్రు. మూలింటి అత్త అవ్వ దిక్కు చూసింది. అవ్వ కొంగు నోట్ల పెట్టుకున్నది. మావోళ్ళు గూడ ఒకటి కొట్టిండ్రు. అందరి కన్న ముందు ఎగిరి అరిచింది ఎవరనుకున్నరు? మూలింటి అత్తనే. అరిచినంక యాదికొచ్చి నోరు మూసుకున్నది. ఆఖరికి బాపు మొఖం మీదికి వచ్చిన బాలును రెండు చేతులతోని అట్లనే ఎదకు హత్తుకున్నడు. సగం ఆట అయింది. చెరొకటి.

నేను నిమ్మబద్దల పళ్ళెం పట్టుకొని నడుస్తున్న. ఆ రోజు ఉప్పు నాకలేదు. బాపు ఒక బద్ద తీసుకొని నోట్ల పెట్టుకొని, ఉప్పు తగలంగనే నా దిక్కు వింతగ చూసిండు. గప్పుడు కూసింది బ్లాస్టింగ్ సైరన్.

ఎర్రజెండా పట్టుకొని గార్డులు ఉరికొచ్చిండ్రు. "అందరు రోడ్డు మీదికి, రోడ్డు మీదికి!" రెండు జట్లు, కాలనీ అంత రోడ్డు మీదికి పోయి నిలబడ్డం. పళ్ళెం నా చేతిలనే ఉన్నది. భూమి కాళ్ళ కింద ఊగింది. దూరంగ లేచిన దుమ్ము మెల్లగ వచ్చి అందరి మీద పడ్డది. తెల్ల జెర్సీలు చూస్తుండంగనే నల్లబడ్డయి. కెప్టెన్ కాక తన భుజం దులుపుకున్నడు, దులుపుడు ఆపిండు.

"మిగిలిన సగం వచ్చే ఆదివారం" అన్నడు అవతలి కెప్టెన్.

"వచ్చే ఆదివారం" అన్నడు కాక.

ఆ మాపు లైన్ల లొల్లి.

"ఓడలేదు గద, వంతు నాదే" అన్నది అవ్వ.

"గెలవలేదు గద! గెలిస్తేనే నీది" అన్నది మూలింటి అత్త.

"ఓడితేనే నీది!"

చుట్టూ ఆడోళ్ళు గుమిగూడిండ్రు. ఇటు కొందరు, అటు కొందరు. ఇసొంటి ఆట ఎన్నడు రాలేదు, తీర్పు ఎవరికి తెల్వదు. చివరికి మూలింటి అత్తనే అవ్వ చేతులు పట్టుకొని చూసింది. పగుళ్ళు చూసింది.

"సరే వదినా. ఆట అయ్యేదాక నీదే. అయినంక గెలిచినా ఓడినా నాకియ్యాలె. మాట?"

"మాట."

అవ్వ ఆ వారం ఉతికినట్టు ఎన్నడు ఉతకలేదు. బ్లాస్టింగ్ దుమ్ము వదలదు. ఉడుకు నీళ్ళు, కుంకుడుకాయ, మళ్ళ నీళ్ళు. లైన్ల ఎవరు చెప్పకుండనే పొయ్యిలు ఆపిండ్రు. మూట దర్వాజ పక్కకు వచ్చింది. ఆదివారం నాటికి గ్రౌండ్ చుట్టూ తీగ కట్టి ఉన్నది. లోపల మిషన్ ఉన్నది. కాక వచ్చిండు. గడప బయట నిలబడ్డడు. బట్టలు అడగలేదు. "వచ్చే వారం చూద్దాం వదినా" అన్నడు. ఆ వచ్చే వారం గోల్ కట్టెలు ఉన్న చోటే మన్ను లేచిపోయింది.

ట్రాన్స్‌ఫర్లు వచ్చినయి. కాక ఒక బాయికి, బాపు ఇంకో బాయికి. మూలింటి అత్త వాళ్ళ సామాను లారీకి ఎక్కిచ్చినంక, ఆమె లారీ దిగి మళ్ళ మా ఇంటికి వచ్చింది. ఏమన్న మరిచిందేమో అనుకున్నం.

"ఆట అయినంక మూట నాకు పంపియ్యి. నువ్వే ఉంచుకునేవు" అన్నది.

"పంపుత వదినా. నువ్వు జల్ది రా."

ఇద్దరు నవ్విండ్రు. నవ్వుకుంటనే కండ్లు తుడుచుకున్నరు.

*

అవ్వ ఆ మూటను ఏ ఇంటికి పోయినా తీసుకపోయింది. ఏటా వానలు పోయినంక ఒకసారి ఉతికి, నీడల ఆరేసి, ఒక రోజంత దర్వాజ పక్కన పెట్టేది. మర్నాడు పెట్టెల పెట్టేది. తమ్ముడు నవ్వేటోడు. బాపు నవ్వలేదు. ఆ రోజు గడప కాడ కుర్చీ ఏసుకొని కూసునేటోడు. కాలనీ ఉన్న చోట ఇప్పుడు గుంత. రోడ్డు మీద బస్సుల పోతే కనబడుతది, అడుగున పచ్చటి నీళ్ళు. మా లైన్ ఎక్కడుండె, నల్లా ఎక్కడుండె అంటే గాలి దిక్కు వేలు చూపియ్యాలె. చూసినప్పుడల్ల నాకు ఎల్లిపాయ కారం వాసనొస్తది.

సార్ వాళ్ళు తిన్నంక మరదలికి ఫోన్ చేసిన.

"చెత్తబండిల ఎయ్యకు. ఉతుకు. లోపలిది బయటికి తిప్పు, పిండకు, ఒత్తు."

"ఉతికి ఎవరికియ్యాలె వదినా? ఆ మూలింటామె ఎక్కడున్నదో, ఉన్నదో లేదో."

అవ్వ అంత మంది ముందల ఇచ్చిన మాట అది. నేను నా మాటగ చెప్పిన. "ఆట ఇంక కాలేదు పిల్లా. కానంత దాక వంతు మనదే."

మరదలు నవ్వుతదనుకున్న. నవ్వలేదు. "సబ్బు పెట్టాల్నా, కుంకుడుకాయనా?" అన్నది.

మర్నాడు ఫోటో పంపింది. కొత్త సున్నం గోడ ముందర తాడు మీద తెల్ల జెర్సీలు. పసుపు తిరిగినయి, గని తెల్లయే. పిల్లను పక్కన పెట్టుకొని బాబాకు చూపిచ్చిన. ఉన్న కథంత చెప్పిన. బాబా ఫోన్ కండ్లకాడికి తెచ్చుకొని చానాసేపు చూసింది. నోటితోని చ్చు చ్చు అన్నది. ఒక జెర్సీ మీద వేలు పెట్టి కోపంగ ఏదో అన్నది.

"ఎండల ఎందుకేసిండ్రు అంటున్నది" అన్నది పిల్ల. "నీడకు జరపాలట."

నేను అప్పుడే మరదలికి ఫోన్ కలిపిన. "నీడకు జరుపు. ఆరినంక పెట్టెల పెట్టకు, ఇయ్యాల ఒక్క రోజు దర్వాజ పక్కన పెట్టు" అన్న.